పసుప్పచ్చ జెండా దించాక



సముద్రం మీద దూరం నుంచి వచ్చిన ఏ పడవైనా పరాయి దేశపు రేవులోకి వచ్చేటప్పుడు కొయ్యకి ఒక పసుప్పచ్చ జెండా కట్టాలి. ‘మా పడవలో జబ్బులు లేవు, మమ్మల్ని లోపలికి రానివ్వండి’ అని దాని అర్థం. ఆరోగ్యశాఖ అధికారి వచ్చి, చూసి, సరే అన్నాకే దాన్ని దించాలి. అంతవరకూ ఎవరూ నేల మీద కాలు పెట్టకూడదు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ రేవులో ఒక తెల్లవారుజామున ఆ జెండా కింద కూర్చుని నేను ఎదురుచూసిన గంటన్నర గురించీ, దాన్ని దించాక ఒక గైడమ్మ వెంట తిరిగిన ఒక్క పగలు గురించీ ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

మాది కాకినాడ దగ్గర. చిన్నప్పుడు తాళ్లరేవు వెళ్తే కాలవ గట్టున పెద్దపెద్ద చెక్క పడవలు సగం కట్టి నిలబెట్టి ఉండేవి. ఉలి దెబ్బల చప్పుడు, కొయ్యపొట్టు వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ఆ పక్కనే కోరంగి. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి జనం వెళ్తున్నారు గానీ, ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు. తూర్పుతీరంలో పేరున్న రేవుల్లో ఒకటి. తుపాన్లు దాన్ని రెండుసార్లు తుడిచిపెట్టాయి, 1789లో ఒకసారి, 1839లో మరోసారి. అయినా కోరంగి నుంచి ఓడలు కదులుతూనే ఉన్నాయి. 1843లో ‘కోరంగి పాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలని ఎక్కించుకుని మారిషస్ వెళ్లింది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి ఊరుకున్నవాణ్ణి. దాని బరువు నాకు తెలిసింది మాత్రం పోర్ట్ లూయిస్ రేవులోనే.

నా స్నేహితుడొకాయనకి తెరచాప పడవ ఉంది. రోడ్రిగ్స్ దీవి నుంచి మారిషస్ వరకూ రమ్మన్నాడు. దాదాపు 560 కిలోమీటర్లు. ఆ సముద్రంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఆగ్నేయం నుంచి ఒకేతీరుగా గాలి వీస్తుంది. వాలుగాలి కాబట్టి ఇంజను ముట్టుకోకుండానే మూడు రాత్రుల్లో వచ్చేశాం. ఆయనా, ఆయన భార్యా, వాళ్ల బంధువుల కుర్రాడొకడు, నేను. రాత్రిళ్లు వంతులేసుకుని చుక్కాని దగ్గర కూర్చునేవాళ్లం.

మూడో రాత్రి నా వంతు వచ్చినప్పుడు మారిషస్ ఉత్తరపు కొనలో చిన్నచిన్న దీవులు నల్లగా కనిపించాయి. వాటిలో గాబ్రియేల్ అని ఒక దీవి ఉంది. ఇప్పుడు పగటిపూట ఆనందంగా ఈత కొట్టడానికి, చేపలు కాల్చుకు తినడానికి పడవల్లో జనాన్ని తీసుకొస్తుంటారు. 1856లో కలకత్తా నుంచి వచ్చిన రెండు కూలీ ఓడల్లో కలరా సోకిందని ఆ మనుషులని రేవుకి రానివ్వక ఆ దీవి మీద దింపేశారు. సరైన నీడ లేదు, మందూ మాకూ లేదు. వందలమంది అక్కడే పోయారు. నా స్నేహితుడు పటం మీద వేలు పెట్టి ఆ సంగతి చెప్పాడు. పడవ నిశ్శబ్దంగా దాన్ని దాటి పోయింది. పొద్దున మేం పసుప్పచ్చ జెండా కట్టేటప్పుడు నా చేతులు ఎప్పటిలా ముడి వెయ్యలేకపోయాయి.

మా కాయితాలు తొందరగానే అయిపోయాయి. ముద్ర పడింది, జెండా దించాం. గట్టున గైడమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, గొడుగు, నీళ్ల సీసా, మెత్తటి బూట్లు. బడిలో పాఠాలు చెప్పి విరమించిందట. తండ్రివైపు వాళ్లది మడగాస్కర్, తల్లివైపు ముత్తవ్వ బీహార్ నుంచి వచ్చిందట. మా కుర్రాడు ముందురోజే ఒక జాబితా రాసి పెట్టుకున్నాడు. ఒక్క రోజులో తొమ్మిది చోట్లు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివింది. “ఇవన్నీ చూడాలంటే మీరు చూసేది నా వ్యాను సీటే” అంది. నాలుగు చోట్లు చాలు, మొదటిది నడిచి వెళ్దాం అంది. ఊరు చూపించేవాళ్లు తగ్గించడం తెలిసినవాళ్లై ఉండాలని నాకు ఆ రోజు నుంచీ నమ్మకం. ఎక్కువ చూపించడానికి వ్యాను చాలు, తక్కువ చూపించడానికి మనిషి కావాలి.

నడక పట్టుమని పది నిమిషాలు కూడా లేదు. మా పాస్‌పోర్టుల మీద ముద్ర పడిన చోటికి అంత దగ్గర్లోనే ఉంది ఆప్రవాసీ ఘాట్. పూర్వం కూలీ ఘాట్ అనేవారు. నల్లరాతి గోడలు, వాటి మధ్య కొన్ని గదుల ఆనవాళ్లు. వంటశాల, ఆసుపత్రి, పడుకునే కొట్టాలు. 1849లో కట్టడం మొదలుపెట్టిన ఈ డిపోలో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

అక్కడ కొన్ని మెట్లున్నాయి. అంతే. గొప్ప శిల్పమేమీ లేదు, రాతి మెట్లు. ఓడ దిగి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరిన మనుషులు ఆ మెట్లెక్కి డిపోలోకి వచ్చేవాళ్లు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో కలకత్తా నుంచి ముప్పై ఆరుగురు వచ్చారు. అది మొదలు. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1835 ఫిబ్రవరి 1న ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకి నష్టపరిహారం అందింది, బానిసలుగా బతికినవాళ్లకి దమ్మిడీ అందలేదు. తోటల్లో పని మాత్రం ఆగకూడదు కదా. అందుకని ఒప్పందం కాయితం రాయించుకుని మన దేశం నుంచి మనుషుల్ని రప్పించారు. అయిదేళ్ల కట్టుబాటు, మగమనిషికి నెలకి అయిదు రూపాయలు, తిండిగింజలు. ఒక్క రోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల జీతం కోత. 1920 వరకూ లెక్కేస్తే అయిదు లక్షలకి కాస్త తక్కువగా జనం ఆ రేవు మీదుగా వచ్చారు. కొందరిని అక్కణ్ణుంచే వేరే దీవులకీ, ఆఫ్రికాకీ పంపించేశారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. 1860ల నుంచి ఫోటో కూడా. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ ఈనాటికీ మనుషులు అక్కడికి వెళ్తారు.

గైడమ్మ మమ్మల్ని మెట్ల దగ్గర ఆపి తను వెనక్కి తగ్గింది. ఏమీ చెప్పలేదు. కాసేపయ్యాక నెమ్మదిగా అంది, “ఈ దేశంలో మొదటినుంచీ ఉన్నవాళ్లంటూ ఎవరూ లేరు. దీవి ఖాళీ. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, మా నాన్నవాళ్లు, మా అమ్మవాళ్లు, చైనావాళ్లు, అందరం ఓడ దిగినవాళ్లమే. కాకపోతే ఎవరు ఏ మెట్టు మీద దిగారన్నదే తేడా.”

నేను వంగి ఒక మెట్టు అంచు తాకి చూశాను. నున్నగా ఉంది. నల్లరాయికి చిన్నచిన్న బొరియలుంటాయి, అగ్నిపర్వతపు రాయి కదా. ఆ అంచున మాత్రం వేలికి బొరియలు తగల్లేదు.

అక్కణ్ణుంచి బజారుకి వెళ్లాం. పోర్ట్ లూయిస్ పెద్ద మార్కెట్‌లో అడుగుపెడితే కొత్తిమీర వాసనే ముందు ఎదురొస్తుంది. ధోల్‌పూరీ అని ఒకటి తినిపించింది గైడమ్మ. బొబ్బట్టులో బెల్లం తీసేసి ఉప్పూ జీలకర్రా వేసినట్టు ఊహించుకోండి. ఉడికించి పొడి చేసిన శనగపప్పు పెట్టి పల్చగా, దూదిలా వత్తిన రొట్టె. ఎప్పుడూ రెండేసి ఇస్తారు. లోపల పెద్ద చిక్కుడుగింజల కూర, టమాటాల పులుసు, పచ్చిమిర్చి పచ్చడి పెట్టి, కాయితంలో చుట్టి చేతికిస్తారు. నిలబడి తినాల్సిందే, మోచేతుల దాకా కారాల్సిందే. భోజ్‌పురీ వాళ్లు తెచ్చిన వంట ఇది. ఇప్పుడది దేశం మొత్తానిది. పక్కనే గాతో పిమా అని వేయిస్తున్నారు. పేరు ఫ్రెంచిది, వస్తువు మన పప్పువడ.

ఆకుకూరల దగ్గర నాకు కాలు కదల్లేదు. ఒకామె కట్టలు కట్టలుగా కరివేపాకు అమ్ముతోంది. పేరేమిటని అడిగితే “కారిపులే” అంది. పక్కన మునగాకు, “బ్రెడ్ మురుం”. కారిపులే, మురుం రెండూ తమిళం మీదుగా అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్‌లోకి వెళ్లిన మాటలు. ఏ భాషవాళ్లైనా సరే, అక్కడ దక్షిణాది ఆకుకి దక్షిణాది పేరే. నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన దగ్గర సంతల్లో మోరీసు అరటిపళ్లు అమ్ముతారు కదా. ఆ మోరీసు ఈ మారిషస్సే. వెళ్లినవి మనుషులు, వచ్చినవి అరటి పిలకలు.

తర్వాత వ్యాను ఉత్తరంగా పోయింది. పాంపుల్మూస్ తోటలో పళ్లేలంత ఆకుల తామరలు చూశాం. బాగున్నాయి, వాటి గురించి మీకు ఇంకెవరైనా చెప్పగలరు. నేను చెప్పాలనుకుంటున్నది ఆ దారిలో కనిపించిన రాళ్ల గుట్టల గురించి.

రెండువైపులా చెరకు. ఆ చెరకు మధ్యలో, అక్కడక్కడ, ఇంటి ఎత్తున నల్లరాళ్లు పేర్చి ఉంటాయి. కోనేరు గట్టులా మెట్లు మెట్లుగా, ఒద్దికగా. ఏదో పురాతన కట్టడం అనుకున్నాను. గైడమ్మ వ్యాను ఆపించింది. చేలో చెరకు నాటాలంటే ముందు నేలలో రాయి తియ్యాలి. ఆ దీవి అంతా రాయే. తీసిన రాయి ఎక్కడో ఒక చోట వెయ్యాలి. ముందు బానిసలూ, వాళ్ల తర్వాత కూలీలూ చేతులతో ఏరి, మోసి, పేర్చిన గుట్టలు అవి. మన ఊళ్లలో ఓడ ఎక్కించేటప్పుడు చెప్పిన మాట ఒకటి మారిషస్‌లో అందరికీ తెలుసు: అక్కడ రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుందని. గైడమ్మ ఆ మాట చెప్పి ఊరుకుంది. గుట్ట దగ్గరికి వెళ్లి చూశాను. పెద్ద రాళ్లు వెలుపల, వాటి సందుల్లో గుప్పెడంత చిన్న రాళ్లు ఇరికించి ఉన్నాయి, కూలిపోకుండా. ఎండలో, మేస్త్రీ కేకల మధ్య, నెలకి అయిదు రూపాయలకి పనిచేస్తున్న మనిషి ఆ చిన్న రాయికి సరిపోయే సందు వెతికి మరీ పెట్టాడు. నాకు ఆ గుట్ట గుడికంటే తక్కువగా తోచలేదు.

నాలుగో చోటు ఒక ఇల్లు. రవాన్ చేసేవాళ్ల ఇల్లు. రవాన్ అంటే మేకతోలు బిగించిన గుండ్రటి చెక్కచట్రం, సేగా పాటకి ప్రాణం. సేగా పుట్టింది బానిసల మధ్య, ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ తెచ్చిన మనుషుల మధ్య. చాలాకాలం పెద్దలూ చర్చీ దాన్ని చిన్నచూపు చూశారు. 2014లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. హోటళ్లలో పూల గౌనులేసుకుని ఆడేదీ సేగానే, కాదనను. కానీ నేను చూసినది పెరట్లో. ఆ ఇంటాయన ఎండు కొబ్బరిమట్టలు వేసి మంట పెట్టాడు. రవాన్‌ని మంటకి ఎదురుగా పట్టుకుని తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి వింటూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. మొదట తడిగుడ్డ మీద కొట్టినట్టు ‘బొద్’ మన్నది కాసేపటికి ‘టంగ్’ మంది. తోలు బిగిసింది. ఆయన భార్య మరవాన్ ఊపింది. చెరకుపూల కాడలు తట్టలా కట్టి లోపల గింజలు పోసిన వాయిద్యం అది, జల్లు పడ్డట్టు మోగుతుంది.

మన పల్లెల్లో డప్పు కాచడం చూడనివాళ్లెవరు? అదే మంట, అదే వేలితో తట్టడం, అదే చెవి ఒగ్గడం. నేను ఆయనకి చేతులతో చూపించి చెప్పాను, మా ఊళ్లోనూ ఇలాగే చేస్తారని. ఆయన లేచి రవాన్ నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. నాకు వాయించడం రాదు. అయినా పెట్టాడు. వాళ్లు ఆడేటప్పుడు పాదం నేల విడవదు, జరుగుతుందంతే. ఎందుకని గైడమ్మని అడిగితే, “ఇసకలో ఆడిన ఆట కదా” అంది.

అయిదో చోటు జాబితాలో లేదు. మధ్యాహ్నం నేను తెలుగువాణ్ణని చెప్పినప్పుడు ఆవిడ ఎవరికో ఫోను చేసింది. సాయంత్రం చెరకు తోటల నడుమ ఒక ఊళ్లో, ఒక మందిరం ముందు వ్యాను ఆగింది. ఆ రాత్రి అక్కడ రామభజనం. నట్టనడుమ ఎత్తుగా దీపం నిలబెట్టి, సందెవేళ వెలిగించి, తెల్లవార్లూ దాని చుట్టూ తిరుగుతూ తాళాలతో పాడతారు. మేం వెళ్లేసరికి దీపం ఇంకా వెలిగించలేదు. ఒక పెద్దావిడ చింతపండుతో ఇత్తడి కుందె తోముతోంది. నన్ను చూసి “నమస్కారం” అంది, ఎంతో స్పష్టంగా. నేను గబగబా తెలుగులో మాట్లాడబోయాను. ఆవిడ నవ్వి చెయ్యి అడ్డంగా ఊపింది. ఇంట్లో క్రియోల్, బయట ఫ్రెంచి. తెలుగు పాటల్లో ఉంది, పూజలో ఉంది, నోటిమాటలో లేదు. రాత్రంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడగలదు, అర్థం అడిగితే మనవరాలిని పిలుస్తుంది. మనవరాలు బడిలో తెలుగు చదువుతోంది. అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు, బడుల్లో తెలుగు చెప్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే.

వాళ్ల పండుగలేమిటని అడిగాను. పెద్దావిడ వేళ్లు మడిచి చెప్పింది. ఉగాది. రామభజనం. సింహాద్రి అప్పన్న పూజ. అమ్మోరు పండుగ.

అమ్మోరు. నేను రెండోసారి చెప్పించుకున్నాను. అమ్మవారు కాదు, అమ్మోరు. మన కోస్తా పల్లెల్లో, పొలంగట్టున, జాతరలో మా నాయనమ్మ నోట విన్న అమ్మోరు. నేను బడికి వెళ్లే వయసులో నాయనమ్మని సరిదిద్దేవాణ్ణి. “అమ్మవారు అనాలి నాయనమ్మా” అని. ఆవిడ నాకోసం రెండుసార్లు అలా అని, మూడోసారి అమ్మోరే అనేది. మరి ఈ దీవిలో ఆ మాటని ఎవరూ సరిదిద్దలేదు. పంతులుగారు రాలేదు, పుస్తకం రాలేదు, రేడియో రాలేదు. ఓడ అడుగున కూర్చుని వచ్చిన మనిషి నోట్లో ఉన్న మాట ఉన్నట్టుగానే దిగింది, ఆ మెట్లూ ఎక్కింది, రాళ్లు మోసింది, పండుగ పేరైంది. ఆహ్వానపత్రాల మీద అచ్చవుతుంది ఇప్పుడు. అప్పన్న కూడా అంతే. నరసింహస్వామి అని పెద్దపేరు ఉండగా ఉత్తరాంధ్ర కూలివాడు తన దేవుణ్ణి పిలుచుకున్న పేరు అది.

ఒక దేశపు సంస్కృతిని ఒక్క పగట్లో చూపించగలరా అని నన్ను తిరిగొచ్చాక చాలామంది అడిగారు. మొత్తం చూపించలేరు. కానీ ఒక మాట వినిపించగలరు. ఆ మాట దగ్గరికి చేర్చేందుకు గైడమ్మ పొద్దుటినుంచీ నన్ను మెట్లెక్కించి, బజారు తిప్పి, రాళ్ల దగ్గర ఆపి, మంట దగ్గర కూర్చోబెట్టి తీసుకొచ్చిందని అనుకుంటాను. వ్యాను దిగి నేరుగా మందిరంలోకి వచ్చి ఉంటే అమ్మోరు నాకు వినిపించేది కాదు. వినిపించినా తప్పుగా వినిపించేది.

దీపం వెలిగించే వేళైంది. చీకటి పడేలోగా మేం రేవుకి తిరిగి వెళ్లాలి. మనవరాలు పరిగెత్తుకుంటూ ఒక నోటుపుస్తకం తెచ్చింది. పదకొండేళ్లుంటాయి. “తోంతోం” అని పిలిచింది నన్ను. అక్కడి పిల్లలు పెద్ద మగవాళ్లని బాబాయ్ అన్నట్టు అలా పిలుస్తారట. బడిలో తమ పండుగల గురించి అయిదు వాక్యాలు రాసుకురమ్మన్నారట. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ నొక్కి నొక్కి రాసింది. మూడో వాక్యంలో ‘అమోరు పండుగ’ అని ఉంది. పెన్సిలు నా చేతికిచ్చి, తప్పుంటే దిద్దమని సైగ చేసింది. వాళ్ల నాయనమ్మ కుందె తోమడం ఆపి మా వైపు చూస్తోంది.

పెన్సిలు పెట్టాను. ‘మ’ కింద ఒత్తు ఒకటి రాశాను. ఇంకేమీ ముట్టుకోలేదు.